మార్పిడి చేసిన కిడ్నీ, వైరస్ మందులు: ఇంటివాళ్లు తెలుసుకోవలసిన సంగతులు

పోయిన ఏడాది మన సొసైటీ వైద్య శిబిరంలో మందుల బల్ల దగ్గర నన్ను కూర్చోబెట్టారు. ఆసుపత్రి ఫార్మసీలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయినవాణ్ణి కాబట్టి అది నాకు అలవాటైన పనే. జొహర్ నమాజు వేళకు ఒక తల్లి తన కొడుకును భుజం పట్టి నడిపించుకుంటూ వచ్చింది. కుర్రాడికి ముప్పై లోపే. మూడేళ్ల కిందట ఆమే కిడ్నీ ఇచ్చింది. "భాయ్, వీడికి నిన్నటి నుంచి మాట తేడాగా వస్తోంది. గదిలో ఎవరో ఉన్నారంటాడు. గాలి సోకిందేమో, దర్గాకి తీసుకెళ్లమంటున్నారు. వెళ్లే ముందు ఒకసారి చూపిద్దామని వచ్చాను" అంది.

సంచిలో ఉన్న మందులన్నీ బల్ల మీద పోయించాను. వారం కిందట నడుము చుట్టూ నీటి పొక్కులు లేచాయట. అక్కి అని అందరూ అంటే మూడు రోజులు ఎర్రమట్టితో రాయించుకున్నాడు. మంట తగ్గక ఒక మందుల షాపులో అడిగితే అసైక్లోవిర్ 800 మిల్లీగ్రాముల మాత్ర రోజుకు ఐదుసార్లు వేసుకోమన్నారు. నొప్పికి డైక్లోఫెనాక్ ఇంజక్షన్లు నాలుగు పడ్డాయి. తిండి సయించక నీళ్లు కూడా సరిగా తాగలేదు. అతని క్రియాటినిన్ మామూలుగానే 2.4 ఉండేది. ఆ రోజు పరీక్ష చేయిస్తే 4.1 వచ్చింది.

జరిగింది ఇదీ. అసైక్లోవిర్ ఒంట్లోంచి బయటికి పోయే ప్రధాన మార్గం కిడ్నీయే. డైక్లోఫెనాక్, నీళ్లు తాగకపోవడం రెండూ కలిసి కిడ్నీని దెబ్బతీశాయి. దాంతో మందు బయటికి పోలేక రక్తంలో పేరుకుంది. అలా పేరుకున్న అసైక్లోవిర్ మెదడు మీద పనిచేస్తుంది. తికమక, మాట తడబాటు, లేని మనుషులు కనిపించడం, ఒక్కోసారి ఫిట్స్. అదే మందు కిడ్నీ గొట్టాల్లో సన్నని పలుకులుగా గడ్డకట్టి కిడ్నీని ఇంకా పాడుచేయగలదు కూడా. మార్పిడి చేసిన ఆసుపత్రికి ఫోను చేశాం. అదే రాత్రి రేవు దాటించి పంపాం. మందు ఆపి, సెలైన్ పెట్టి, డోసు మార్చారు. నాలుగో రోజుకు అతనికి మాట కుదురుకుంది. కిడ్నీ నిలిచింది, కానీ క్రియాటినిన్ మాత్రం పాత అంకెకు దిగలేదు.

ఈ వ్యాసం ఆ తల్లి కోసమే రాస్తున్నాను. అసైక్లోవిర్ చెడ్డ మందు కాదు. మార్పిడి చేయించుకున్నవారికి అక్కి లేస్తే అది తప్పనిసరిగా కావలసిన మందు, అదీ మొదటి 72 గంటల్లో మొదలుపెడితే మంచిది. రాయించుకోవడంలో పోయిన ఆ మూడు రోజులే మొదటి నష్టం. ఆలస్యమైనా సరే, కొత్త పొక్కులు వస్తున్నంతకాలం వీరికి మందు ఇవ్వాల్సిందే. కాకపోతే డోసు ఎంతో కిడ్నీని చూసి చెప్పాలి.

ఇక్కడ ఒక ముచ్చట. మార్పిడి రోగులు చాలాకాలంగా వాడుతున్న అజాథయోప్రిన్, ఈ అసైక్లోవిర్ రెండూ ఒకే ప్రయోగశాల సంప్రదాయంలోంచి వచ్చాయి. గర్ట్రూడ్ ఎలియన్ అనే శాస్త్రవేత్త, ఆమె సహచరుడు జార్జ్ హిచింగ్స్ 1988లో నోబెల్ బహుమతి పంచుకున్నారు. ఆ హిచింగ్స్ హార్వర్డ్‌లో విద్యార్థిగా ఉన్న విభాగంలోనే మన గోదావరికి అవతలి ఒడ్డున, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు పనిచేశారు. ఒక మందు ఒంటి కాపలాను తగ్గించి కిడ్నీని కాపాడుతుంది. రెండోది కాపలా తగ్గినప్పుడు చొరబడే వైరస్‌ను పడగొడుతుంది. మార్పిడి రోగి జీవితమంతా ఈ రెంటి మధ్య తూకమే.

ఆ కాపలా సంగతి కొంచెం చెప్పాలి. ఎవరి కిడ్నీ అయినా, కన్నతల్లిదైనా, ఒంటికి పరాయిదే. దాన్ని తిప్పికొట్టకుండా ఉండటానికి టాక్రోలిమస్, మైకోఫినోలేట్, స్టెరాయిడ్ వంటి మందులు జీవితాంతం వాడాలి. టాక్రోలిమస్ 1984లో జపాన్‌లోని త్సుకుబా మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుంచి వచ్చింది. పనిచేసే మోతాదుకూ విషమయ్యే మోతాదుకూ మధ్య దూరం దీనికి చాలా తక్కువ. రక్తంలో తక్కువైతే ఒళ్లు కిడ్నీని తిరస్కరిస్తుంది. ఎక్కువైతే చేతులు వణుకుతాయి, షుగర్ పెరుగుతుంది, ఆ కిడ్నీయే దెబ్బతింటుంది. అందుకే రక్తంలో దాని మట్టం కొలుస్తుంటారు. ఆ పరీక్షకు పొద్దున్న మాత్ర వేసుకోకముందే రక్తం ఇవ్వాలి. మాత్ర వేసుకుని వెళ్తే తప్పుడు అంకె వస్తుంది, ఆ అంకెను నమ్మి డాక్టరు డోసు తగ్గిస్తే నష్టం మనదే. ఈ ఒక్క పొరపాటు నేను లెక్కలేనన్నిసార్లు చూశాను.

టాక్రోలిమస్‌ను ఒళ్లు ఎలా వదిలించుకుంటుందో తెలిస్తే మిగతాదంతా తేలికగా అర్థమవుతుంది. మన పొలాల్లో వాన నీరు మురుగు కాలువలోకి దిగడానికి తూము ఉంటుంది కదా. కాలేయంలో, పేగు గోడలో సీవైపీ3ఏ4 అనే ఎంజైము ఉంది. టాక్రోలిమస్‌కు అదే తూము. కొన్ని మందులు ఆ తూమును మూసేస్తాయి. పైనుంచి పడే వాన అంతే, కానీ చేను మునిగిపోతుంది. ఇంకొన్ని మందులు తూమును పూర్తిగా ఎత్తేస్తాయి. చేను ఎండిపోతుంది. రోగి మాత్రలు తప్పకుండా వేసుకుంటూనే ఉంటాడు, డోసు మార్చలేదు, అయినా రక్తంలో మందు మూడింతలవుతుంది, లేదా మాయమవుతుంది.

వైరస్ మందుల్లో తూమును గట్టిగా మూసేది రిటోనావిర్. కోవిడ్ మాత్రల్లో నిర్మాట్రెల్విర్‌తో కలిపి ఇచ్చేది ఇదే. హైదరాబాదు కంపెనీ హెటిరో తయారుచేసిన ఈ జంట మందు జెనరిక్‌కు 2022 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ నాణ్యత గుర్తింపు ఇచ్చింది. నిజానికి నిర్మాట్రెల్విర్ త్వరగా కరిగిపోకుండా తూము మూయడానికే రిటోనావిర్‌ను కలుపుతారు. మామూలు మనిషికి అది ఉపకారం. టాక్రోలిమస్ వాడేవారికి ప్రమాదం. హెచ్ఐవీ ఉండి మార్పిడి చేయించుకున్నవారు రిటోనావిర్ కలిసిన మందులు వాడినప్పుడు, రోజుకు రెండుసార్లు వేసుకోవలసిన టాక్రోలిమస్ కొందరికి వారానికి ఒక్కసారి, అదీ అర మిల్లీగ్రామో ఒక మిల్లీగ్రామో సరిపోయింది. ఆ మూత ఎంత గట్టిదో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు. 2023 మేలో అమెరికా ఔషధ సంస్థ ఈ కోవిడ్ మందు సమాచార పత్రంలో ఇతర మందులతో కలిసినప్పటి ప్రమాదం గురించి నల్ల గీతల పెట్టెలో హెచ్చరిక వేయించింది. మార్పిడి రోగికి ఈ మందే ఇవ్వవలసి వస్తే, కిడ్నీ డాక్టరు ఆ ఐదు రోజులు టాక్రోలిమస్ ఆపించి, తర్వాత రక్తంలో మట్టం చూసి తిరిగి మొదలుపెట్టిస్తారు. అది ఇంట్లో మనం చేసుకునే లెక్క కాదు. రిటోనావిర్ లేని ఇతర కోవిడ్ మందులూ ఉన్నాయి. ఏది ఎంచుకోవాలో ఆ డాక్టరే చెప్పాలి.

వైరస్ మందులు కాకపోయినా ఈ తూముతో ఆడుకునేవి కొన్ని ఉన్నాయి. దగ్గుకు ఇచ్చే క్లారిత్రోమైసిన్, తామరకు ఇచ్చే ఫ్లూకొనజోల్ మూసేవి. క్షయకు ఇచ్చే రిఫాంపిసిన్, ఫిట్స్‌కు ఇచ్చే ఫెనిటాయిన్ ఎత్తేవి. మన పెరళ్లలో కాసే పంపరపనస కూడా మూసేదే. ఇది వినగానే చాలామంది నవ్వుతారు. జపాన్‌లో ఒక కిడ్నీ మార్పిడి రోగి పంపరపనస తిని టాక్రోలిమస్ మట్టం పెరిగిన ఉదంతం వైద్య పత్రికల్లో నమోదై ఉంది. కమలా, బత్తాయి తినవచ్చా అని వెంటనే అడుగుతారు. వాటికి ఈ పేరు లేదు. పంపరపనస మాత్రం వద్దు.

ఇక హెపటైటిస్ సి. దీని దగ్గర కాస్త ఆగుతాను, ఎందుకంటే ఇందులో మన తెలుగు నేల పాత్ర పెద్దది.

రక్తం ద్వారా పాకే ఈ వైరస్‌ను 1989లో గుర్తించారు. ఆ పనికి 2020లో నోబెల్ వచ్చింది. ఏళ్ల తరబడి డయాలసిస్ చేయించుకునేవారికి, పూర్వం రక్తం ఎక్కించుకున్నవారికి ఇది సోకే అవకాశం ఎక్కువ. మన సఖినేటిపల్లి, రాజోలు, మలికిపురం వైపు చాలామందికి ఈ పేరు తెలిసేది గల్ఫ్ వీసాకు చేసే మెడికల్‌లోనే. కువైట్‌కో ఖతర్‌కో బయలుదేరిన మనిషి "అన్‌ఫిట్" అన్న కాగితంతో తిరిగొస్తాడు. కామెర్ల పసరు తాగడం మొదలుపెడతాడు. పసరు వైరస్‌ను ఏమీ చేయదు. కాలేయానికీ కిడ్నీకీ హాని చేసే పసర్లూ ఉన్నాయి. మార్పిడి రోగి విషయంలో అందులో ఏ ఆకు ఉందో, అది తూమును మూస్తుందో ఎత్తుతుందో ఎవరూ చెప్పలేరు.

పదేళ్ల కిందటి వరకు హెపటైటిస్ సికి ఉన్న మందు ఇంటర్‌ఫెరాన్ ఇంజక్షన్. అది ఒంటి కాపలాను రెచ్చగొట్టి వైరస్ మీదికి తోలుతుంది. కిడ్నీ మార్పిడి అయినవారిలో ఆ రెచ్చిన కాపలా కొత్త కిడ్నీ మీదికే తిరిగేది. వైరస్‌కు మందు ఇస్తే కిడ్నీ పోతుంది, ఇవ్వకపోతే కాలేయం పోతుంది. అందుకే వైద్యులు చాలామందికి ఆ ఇంజక్షన్ ఇవ్వడానికి సాహసించేవారు కాదు. తోడుగా ఇచ్చే రైబవిరిన్ కూడా కిడ్నీ సరిగా లేనివారిలో రక్తహీనత తెచ్చేది.

2013 డిసెంబరులో అమెరికాలో సోఫోస్బువిర్ అనే మాత్రకు అనుమతి వచ్చింది. ఇది కాపలాను రెచ్చగొట్టదు, నేరుగా వైరస్ పిల్లలు పెట్టే యంత్రాంగాన్నే ఆపుతుంది. ధర మాత్రం మాత్ర ఒక్కింటికి వెయ్యి డాలర్లు, 12 వారాలకు 84,000 డాలర్లు. మన దేశంలో దానికి ఎవరు వెళ్తారు? 2014లో ఆ కంపెనీ భారతీయ కంపెనీలకు జెనరిక్ తయారీ లైసెన్సు ఇచ్చింది, అందులో హైదరాబాదుకు చెందిన హెటిరో ఒకటి. పేటెంటును వ్యతిరేకించిన హైదరాబాదు కంపెనీ నాట్కో కూడా 2015లో లైసెన్సు తీసుకుని మందును తెచ్చింది. 28 మాత్రల సీసా ఇరవై వేల రూపాయల లోపుకు దిగింది. ఆ తర్వాత ఇంకా తగ్గింది. 2018 జులై 28న కేంద్ర ప్రభుత్వం జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం ప్రారంభించాక ప్రభుత్వ కేంద్రాల్లో ఈ మందులు ఉచితం. వెయ్యి డాలర్ల మాత్ర ఉచితంగా దొరికే రోజు వచ్చిందంటే, నా ముప్పై ఏళ్ల ఉద్యోగంలో నేను చూసిన మంచి మార్పుల్లో అదొకటి.

మార్పిడి రోగులకు ఇందులో ఇంకో మేలు ఉంది. సోఫోస్బువిర్‌తో జంటగా ఇచ్చే డక్లాటాస్విర్, వెల్పటాస్విర్, లెడిపాస్విర్ టాక్రోలిమస్ తూమును పెద్దగా కదపవు. కిడ్నీ మార్పిడి చేయించుకున్న 114 మంది మీద ఐరోపాలో జరిగి 2017లో ప్రచురితమైన అధ్యయనంలో దాదాపు అందరికీ వైరస్ పోయింది. మొదట్లో కిడ్నీ బాగా దెబ్బతిన్నవారికి సోఫోస్బువిర్ ఇవ్వడానికి జంకేవారు. 2019లో అమెరికా సంస్థ డయాలసిస్ రోగులకూ వాడవచ్చని రాతను మార్చింది.

అయినా కళ్లు మూసుకుని మింగే మందు కాదు. మొదలుపెట్టే ముందు హెపటైటిస్ బి పరీక్ష తప్పనిసరి. రెండూ ఉన్నవారిలో సి తగ్గుతుంటే నిద్రపోతున్న బి లేచి కాలేయాన్ని కొట్టిన సందర్భాలు ఉన్నందున 2016లో దీనిపై గట్టి హెచ్చరిక వచ్చింది. గుండె దడకు అమియోడరోన్ వాడేవారికి సోఫోస్బువిర్ కలిస్తే గుండె వేగం ప్రమాదకరంగా పడిపోవచ్చు. రిఫాంపిసిన్, ఫెనిటాయిన్ వాడేవారికి ఈ మందు పనిచేయకుండా పోతుంది. టాక్రోలిమస్ కాక సైక్లోస్పోరిన్ వాడేవారికి కొన్ని ఇతర హెపటైటిస్ సి మందులు పనికిరావు.

మరి గ్యాస్ మాత్ర? మన ఇళ్లలో పాంటాప్రజోల్ పొద్దున్నే టీ కంటే ముందు పడుతుంది. వెల్పటాస్విర్, లెడిపాస్విర్ ఒంటికి పట్టాలంటే కడుపులో పులుపు కావాలి. గ్యాస్ మాత్ర ఆ పులుపును చంపేస్తుంది. 12 వారాలు నిష్ఠగా మందు వేసుకుని, గ్యాస్ మాత్ర సంగతి డాక్టరుకు చెప్పక, చివరికి వైరస్ అలాగే ఉండిపోయినవారు ఉంటారు. "అది మందు కాదు కదండీ, గ్యాస్‌కి" అంటారు. అదీ మందే.

చికిత్స జరుగుతుండగా టాక్రోలిమస్ మట్టం మళ్లీ మళ్లీ చూడాలి. వైరస్ పోతే కాలేయం కోలుకుంటుంది. కోలుకున్న కాలేయం టాక్రోలిమస్‌ను వేగంగా కరిగిస్తుంది. అంటే జబ్బు నయమవుతున్నందువల్లే డోసు చాలకపోవచ్చు. ఇంకొకటి. నయమైందా లేదా అన్నది మందు ముగిసిన 12 వారాలకు చేసే వైరల్ లోడ్ పరీక్ష చెబుతుంది. యాంటీబాడీ పరీక్ష నయమైనవారిలో కూడా పాజిటివ్‌గానే ఉండిపోతుంది. అది చూసి మళ్లీ కంగారు పడనక్కరలేదు.

హెపటైటిస్ బి దారి వేరు. దానికి మందు దాన్ని అణచి ఉంచుతుంది, తరిమేయదు. అందుకే మార్పిడి రోగి సొంతంగా ఆ మందు ఆపితే వైరస్ ఒక్కసారిగా విజృంభించి కాలేయం చెడిపోవచ్చు. పాత లామివుడిన్‌కు వైరస్ కొన్నేళ్లలో అలవాటు పడిపోతుంది కనుక ఇప్పుడు ఎంటెకావిర్ వంటివి ఇస్తారు. అది ఖాళీ కడుపున వేసుకోవాలి. టెనోఫోవిర్ పాత రకం కిడ్నీకి కొంత భారం. అసలు బి రాకుండా టీకా ఉంది. మన దేశంలో తయారైన మొదటి రీకాంబినెంట్ హెపటైటిస్ బి టీకాను 1997లో హైదరాబాదులో శాంతా బయోటెక్నిక్స్ తెచ్చింది. డయాలసిస్ మొదలైన రోజే, ఇంకా మంచిది కిడ్నీ జబ్బు తెలిసిన రోజే, ఈ టీకా గురించి అడగండి. డయాలసిస్ రోగులకు మామూలు కంటే రెట్టింపు మోతాదు వేస్తారు. మార్పిడి తర్వాత టీకా సరిగా పట్టదు, బతికున్న వైరస్‌తో చేసిన టీకాలైతే అసలు వేయకూడదు.

సైటోమెగలోవైరస్, పొడిగా సీఎంవీ, పేరు వినని వారే ఎక్కువ. మన దేశంలో పెద్దవాళ్లలో దాదాపు అందరి ఒంట్లో చిన్నప్పుడే చేరి నిద్రపోతుంటుంది. కాపలా తగ్గగానే లేస్తుంది: జ్వరం, విరేచనాలు, తెల్లకణాలు పడిపోవడం. దీన్ని ఆపడానికి మార్పిడి తర్వాత మొదటి మూడు నుంచి ఆరు నెలలు వాల్‌గాన్సిక్లోవిర్ ఇస్తారు. ఇది ఖరీదైన మాత్ర. అందువల్ల ఇళ్లలో ఒక లెక్క నడుస్తుంది: రోజు విడిచి రోజు వేద్దాం, సగం విరిచి వేద్దాం. రెండూ తప్పే. తక్కువ డోసులో వైరస్ మందుకు అలవాటుపడి మొండికేస్తుంది. ఆ మాత్ర విరిస్తే పొడి ఇంట్లోవారికి, ముఖ్యంగా గర్భిణులకు, హానికరం. డబ్బు చాలకపోతే ఆ మాట డాక్టరుతో చెప్పండి, మన సొసైటీతో చెప్పండి. డోసు కోయకండి.

ఎక్కువైతే ఇదే మందు తెల్లకణాలను పడగొడుతుంది. మైకోఫినోలేట్ కూడా అదే పని చేస్తుంది, కోట్రైమోక్సజోల్ కూడా కొంత. మూడూ కలిసినప్పుడు రక్తపరీక్ష వాయిదా వేస్తే, వైరస్ కోసం వేసిన మందు వల్లే ఇంకో ఇన్‌ఫెక్షన్ రావచ్చు. బీకే అనే మరో వైరస్ కొత్త కిడ్నీలోనే కాపురం పెడుతుంది. దానికి సరైన వైరస్ మందు ఇప్పటికీ లేదు. కాపలా తగ్గించే మందులను డాక్టరు జాగ్రత్తగా తగ్గించడమే చికిత్స.

రంజాన్ సంగతి చాలామంది అడుగుతారు కాబట్టి రాస్తున్నాను. టాక్రోలిమస్ మామూలు రకం 12 గంటలకు ఒకసారి వేసుకోవాలి. మన ప్రాంతంలో సహర్ ముగింపు నుంచి ఇఫ్తార్ వరకు ఏ ఋతువులోనైనా 12 గంటలు దాటుతుంది, వేసవిలో పద్నాలుగు దాటుతుంది. కిడ్నీ నిలకడగా ఉన్నవారు రోజుకు ఒకసారి వేసుకునే రకానికి మారవచ్చేమో ముందే, రెండు మూడు నెలల ముందే, డాక్టరును అడగవచ్చు. కానీ వైరస్ మందు నడుస్తున్నప్పుడు సంగతి వేరు. అసైక్లోవిర్ వేసుకుంటూ పగలంతా నీళ్లు తాగకపోతే ఏమవుతుందో మొదట్లోనే చెప్పాను. రోగికి ఉపవాసం నుంచి మినహాయింపు ఉన్న సంగతి మనందరికీ తెలుసు. తర్వాత కజా చేసుకోవాలా, ఫిద్యా ఇవ్వాలా అన్నది మౌలానాను అడగండి. మందు వేళలు మాత్రం డాక్టరును అడగండి.

ఆ కుర్రాడి జేబులో ఇప్పుడు ఒక కార్డు ఉంటుంది. తల్లే స్కూలు అట్టముక్క మీద రాయించింది. పైన "కిడ్నీ మార్పిడి అయింది", కింద మందుల పేర్లు, డోసులు, చివరి క్రియాటినిన్, తేదీ, మార్పిడి ఆసుపత్రి ఫోను నంబరు. ఆ కింద ఎర్ర సిరాతో "ఈ నంబరుకు చెప్పకుండా కొత్త మందు, సూది వద్దు" అని. పోయిన నెల పంటు దగ్గర కనబడితే చూపించింది. తేదీ పాతదై ఉంది. కొత్త పరీక్ష ఎప్పుడమ్మా అని అడిగితే, "బుధవారం భాయ్, మాత్ర వేసుకోకుండా తీసుకెళ్తాను" అంది.